హైవే మీద ఒక్కసారిగా కారు పవర్ పోయిందా? థ్రాటల్ బాడీ కొనే ముందు ఇవి చెక్ చేయండి

అమెరికాలో ఓ హైవే. గంటకు 70 మైళ్ల స్పీడు. మధ్య లేన్‌లో కారు దూసుకెళ్తోంది. ముందున్న ట్రక్కును దాటేద్దామని యాక్సిలరేటర్ నొక్కారు. కారు కదలదు! ఇంజన్ ఆగిపోలేదు, శబ్దం వస్తూనే ఉంది. కానీ పెడల్ ఎంత తొక్కినా స్పీడు పెరగదు, పైగా తగ్గిపోతోంది. డ్యాష్‌బోర్డు మీద ఒక మెసేజ్ వెలిగింది. 'రెడ్యూస్డ్ ఇంజన్ పవర్'. వెనక నుంచి హారన్లే హారన్లు.

షెవర్లే కార్వెట్ ఓనర్లకు ఈ మెసేజ్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ముఖ్యంగా సీ5 అని పిలిచే 1997-2004 మోడళ్ల ఓనర్లకు. అమెరికాలో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొందామనుకునే మన తెలుగువాళ్ల కంట్లో కూడా ఎప్పుడో ఒకప్పుడు పడే కారే ఇది. 5.7 లీటర్ల వీ8 ఇంజన్, మొదట్లోనే 345 హార్స్‌పవర్. పాతదైనా పరుగులో తగ్గేదే లేదు.

అయితే ఈ మెసేజ్ రాగానే చాలామంది చేసే పని ఒకటుంది. కోడ్ చూస్తారు. అందులో 'థ్రాటల్' అనే మాట కనిపిస్తుంది. వెంటనే వందల డాలర్లు పెట్టి కొత్త థ్రాటల్ బాడీ ఆర్డర్ చేస్తారు. బిగిస్తారు. రెండ్రోజులు బాగుంటుంది. మూడోరోజు మళ్లీ అదే మెసేజ్! ఈసారి పెడల్ మారుస్తారు. ఆ తర్వాత కంప్యూటర్. చివరికి తేలేదేంటంటే.. తప్పు పిన్ను దగ్గర వదులైన ఒక చిన్న వైరుది.

మరి అసలు తప్పు ఎక్కడుందో డబ్బు ఖర్చు పెట్టకముందే ఎలా పట్టుకోవాలి? స్టెప్ బై స్టెప్ చూద్దాం.

పెడల్‌కీ ఇంజన్‌కీ మధ్య తీగ లేదు

పాత కార్లలో యాక్సిలరేటర్ నొక్కితే ఒక ఇనుప కేబుల్ లాగబడేది. ఆ కేబుల్ ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలో ఉండే గుండ్రటి రేకును తిప్పేది. రేకు ఎంత తెరుచుకుంటే అంత గాలి, అంత పవర్. సైకిల్ బ్రేకు తీగ లాంటిదే. సింపుల్.

1997లో వచ్చిన సీ5తో కార్వెట్‌లో ఈ కేబుల్ మాయమైంది. దాని స్థానంలో ఎలక్ట్రానిక్ థ్రాటల్ వచ్చింది. ఇప్పుడు మీరు పెడల్ నొక్కితే ఏ తీగా లాగబడదు. పెడల్ దగ్గరున్న సెన్సార్లు 'డ్రైవర్ ఇంత నొక్కాడు' అని వోల్టేజీ రూపంలో చెప్తాయి. ఆ సమాచారం టీఏసీ మాడ్యూల్ అనే చిన్న కంప్యూటర్‌కు వెళ్తుంది. అది ఇంజన్‌ను నడిపే పెద్ద కంప్యూటర్, అంటే పీసీఎంతో మాట్లాడుకుని, థ్రాటల్ బాడీలోని చిన్న మోటార్‌ను తిప్పుతుంది. రేకు నిజంగా ఎంత తెరుచుకుందో థ్రాటల్ బాడీలోని మరో జత సెన్సార్లు వెనక్కి రిపోర్ట్ చేస్తాయి.

అంటే సీ5లో పెడల్ దగ్గర మూడు సెన్సార్లు, థ్రాటల్ దగ్గర రెండు. మొత్తం ఐదు. ఒకే పనికి ఇన్నెందుకు?

సాక్షులు ఒకే మాట చెప్పాలి!

ఒక్క సెన్సారే ఉందనుకోండి. అది పాడై 'డ్రైవర్ ఫుల్లుగా తొక్కాడు' అని తప్పుడు మాట చెప్పిందంటే? కారు దానంతటదే దూసుకెళ్తుంది. అలా జరగకూడదనే ఒకే విషయాన్ని చెప్పడానికి ఇద్దరు, ముగ్గురు సాక్షులను పెట్టారు. పైగా వాళ్లు ఒకేలా మాట్లాడరు. పెడల్ నొక్కుతుంటే ఒక సెన్సార్ వోల్టేజీ పెరుగుతుంది, మరోదానిది తగ్గుతుంది.

ఉదాహరణకు ఇలా లెక్కేసుకోండి. ఒక సెన్సార్ 1 వోల్ట్ నుంచి 4 వోల్టులకు ఎక్కుతుంది. రెండోది 4 నుంచి 1కి దిగుతుంది. రెండూ కలిపితే ఎప్పుడూ 5 దగ్గరే ఉండాలి. (ఇది అర్థం కావడానికి చెప్పిన లెక్క మాత్రమే. మీ కారు అసలు విలువలు ఆ ఏడాది సర్వీస్ మాన్యువల్‌లో ఉంటాయి.) రెండు వైర్లు ఒకదానికొకటి తగిలి షార్ట్ అయ్యాయనుకోండి. రెండింటి వోల్టేజీ ఒకటైపోతుంది, లెక్క తప్పుతుంది. కంప్యూటర్‌కు క్షణాల్లో తెలిసిపోతుంది.

లెక్క కుదరకపోతే కంప్యూటర్ రిస్క్ తీసుకోదు. పవర్ కట్ చేసేస్తుంది. అదే 'రెడ్యూస్డ్ ఇంజన్ పవర్'. మెకానిక్‌ల భాషలో లింప్ మోడ్. కుంటుకుంటూ అయినా పక్కకు చేరుకోమని కారు మీకు ఇచ్చే చాన్స్ అన్నమాట. మోటార్‌కు కరెంట్ పూర్తిగా ఆగిపోయినా రేకు కొద్దిగా తెరిచి ఉండేలా లోపల స్ప్రింగ్ పట్టి ఉంచుతుంది. అందుకే ఇంజన్ ఆగకుండా తిరుగుతూ ఉంటుంది.

కాబట్టి ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదీ. ఆ మెసేజ్ వచ్చిందంటే 'థ్రాటల్ బాడీ పాడైంది' అని అర్థం కాదు. 'నాకు చెప్తున్న మాటల మీద నమ్మకం పోయింది' అని కంప్యూటర్ అంటోంది. అబద్ధం చెప్పింది సెన్సారా, మాట మోసుకొచ్చిన వైరా, మధ్యలో ఉన్న కనెక్టరా అన్నది మనమే తేల్చుకోవాలి.

ఇంత అనుమానం ఎందుకంటే..

కంప్యూటర్ మరీ ఓవర్ చేస్తోందని విసుగొస్తుందా? అయితే టయోటా కేసు గుర్తు చేసుకోవాలి.

2009 ఆగస్టులో కాలిఫోర్నియాలోని శాన్ డియాగో దగ్గర ఒక లెక్సస్ కారు కంట్రోల్ తప్పి నలుగురు చనిపోయారు. సరిగా సరిపోని ఫ్లోర్ మ్యాట్‌లో యాక్సిలరేటర్ పెడల్ ఇరుక్కుపోవడమే కారణమని దర్యాప్తులో తేలింది. ఆ తర్వాత టయోటా లక్షల కార్లను రీకాల్ చేసింది. 'తప్పు మ్యాట్‌ది కాదు, ఎలక్ట్రానిక్ థ్రాటల్‌ది' అంటూ అమెరికాలో పెద్ద దుమారమే రేగింది. చివరికి అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఏకంగా నాసా ఇంజినీర్లను రంగంలోకి దింపింది.

2011 ఫిబ్రవరిలో రిపోర్ట్ వచ్చింది. కారును అదుపు తప్పి దూసుకెళ్లేలా చేసే ఎలక్ట్రానిక్ లోపం ఏదీ దొరకలేదని అందులో తేల్చారు. కానీ ఇంకో ఆసక్తికరమైన సంగతి బయటపడింది. కంప్లైంట్ వచ్చిన ఒక కారు పెడల్ సెన్సార్‌లో తగరం పూత నుంచి వెంట్రుక కంటే సన్నటి పోగులు మొలిచాయి. వాటిలో ఒకటి రెండు సెన్సార్ల సర్క్యూట్ల మధ్య పాక్షికంగా షార్ట్ చేసింది. పెడల్ నొక్కితే కారు కుదుపులతో స్పందించేది. కంటికి కనిపించని పోగు ఒక్కటి.. అంత పని చేసింది!

సెన్సార్లను కంప్యూటర్ నిమిషానికోసారి కాదు, ప్రతి క్షణం అనుమానించేది ఇందుకే.

మెసేజ్ రాగానే ముందు చేయాల్సింది

డయాగ్నోసిస్ తర్వాత. ముందు ప్రాణం.

హజార్డ్ లైట్లు వేయండి. బ్రేక్, స్టీరింగ్ పనిచేస్తూనే ఉంటాయి, కంగారు పడొద్దు. లేన్ మారుతూ మెల్లగా కుడివైపు షోల్డర్‌కో, దగ్గర్లోని ఎగ్జిట్‌కో చేరుకోండి. కదులుతున్నప్పుడు ఇంజన్ ఆఫ్ చేసి ఆన్ చేసే ప్రయోగాలు అస్సలు వద్దు. ఇంజన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకులు కూడా ఒకట్రెండు సార్లు నొక్కాక గట్టిపడతాయి.

కారు సేఫ్‌గా ఆగాక కీ ఆఫ్ చేసి మళ్లీ స్టార్ట్ చేస్తే మెసేజ్ మాయమయ్యే చాన్స్ ఉంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. 'పోయిందిలే' అనుకుని మళ్లీ హైవే ఎక్కేస్తారు. మెసేజ్ పోయింది తప్ప జబ్బు పోలేదు. తేలేదాకా ఊళ్లో రోడ్ల మీద, అదీ అవసరమైతేనే నడపడం మంచిది.

స్టెప్ 1: కోడ్ చెరిపేయకండి, రాసుకోండి

అమెరికాలో 1996 నుంచి అన్ని కొత్త కార్లలో ఓబీడీ-2 పోర్ట్ తప్పనిసరి. స్కానర్ గుచ్చితే కోడ్ వస్తుంది. కానీ సీ5 కార్వెట్‌లో ఒక సూపర్ సదుపాయం ఉంది. స్కానర్ లేకుండానే డ్యాష్‌బోర్డు మీద కోడ్లు చదవొచ్చు!

ఎలాగంటే.. ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేయండి. ఏవైనా వార్నింగ్ మెసేజ్‌లు ఉంటే రిసెట్ నొక్కి తీసేయండి. ఇప్పుడు 'ఆప్షన్స్' బటన్ నొక్కి పట్టుకుని, 'ఫ్యూయల్' బటన్‌ను వరుసగా నాలుగుసార్లు నొక్కండి. ఒక్కో మాడ్యూల్ పేరు, దాని కింద కోడ్లు తెర మీద వస్తుంటాయి. ఫోన్‌లో వీడియో తీసేయండి, రాసుకునే తిప్పలు ఉండవు. కోడ్లు కనిపిస్తున్నప్పుడు మాత్రం రిసెట్ బటన్ జోలికి వెళ్లకండి. సాక్ష్యం చెరిగిపోతుంది.

ప్రతి కోడ్ పక్కన ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. 'సీ' అంటే కరెంట్, తప్పు ఇప్పుడు కూడా ఉంది. 'హెచ్' అంటే హిస్టరీ, గతంలో వచ్చి వెళ్లింది. ఈ ఒక్క అక్షరం చాలా పని తగ్గిస్తుంది. 'సీ' ఉంటే మీటర్ పెట్టగానే దొరికే అవకాశం ఎక్కువ. 'హెచ్' ఒక్కటే ఉంటే అది వచ్చిపోయే రకం, అంటే లూజ్ కనెక్షన్ వైపు అనుమానం మళ్లాలి.

సీ5లో ఈ విషయంలో ఎక్కువగా చూడాల్సిన కోడ్లు ఇవీ:

పి1120 – థ్రాటల్ సెన్సార్ 1 సర్క్యూట్
పి1220 – థ్రాటల్ సెన్సార్ 2 సర్క్యూట్
పి1221 – థ్రాటల్ సెన్సార్లు రెండింటి మాట కలవడం లేదు
పి1275, పి1280, పి1285 – పెడల్ సెన్సార్లు 1, 2, 3 సర్క్యూట్లు
పి1516 – అడిగినంత మేర రేకు తెరుచుకోలేదు
పి1518 – టీఏసీ మాడ్యూల్, పీసీఎం మధ్య మాటలు తెగిపోయాయి

తర్వాత వచ్చిన కార్లలో ఎక్కువగా కనిపించేవి పి2135, పి2138. మొదటిది థ్రాటల్ సెన్సార్ల మధ్య, రెండోది పెడల్ సెన్సార్ల మధ్య లెక్క కుదరడం లేదని చెప్తుంది.

ఇక్కడ అసలు పాయింట్. పి1120 వివరణలో 'సర్క్యూట్' అనే మాట ఉంది, చూశారా? సర్క్యూట్ అంటే సెన్సార్ ఒక్కటే కాదు. సెన్సార్, దాని కనెక్టర్, వైర్లు, ఎర్త్, అవతల కొసన ఉన్న మాడ్యూల్.. అన్నీ కలిపి. కోడ్ మీకు వీధి పేరు చెప్పింది. ఇంటి నంబర్ చెప్పలేదు.

స్టెప్ 2: కోడ్లన్నీ కలిపి చూడండి

ఒక్క పి1120 మాత్రమే వచ్చిందా? అయితే అనుమానం ఆ ఒక్క సెన్సార్ దారి మీదే. కానీ పి1120, పి1220 రెండూ ఒకేసారి వచ్చాయనుకోండి. రెండు సెన్సార్లూ ఒకే క్షణంలో చచ్చిపోయే అవకాశం చాలా తక్కువ. అప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే. ఈ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేంటి? ఒకే కనెక్టర్, ఒకే వైర్ల కట్ట, ఒకే మాడ్యూల్. వెతుకులాట అక్కడ మొదలవ్వాలి.

అదే పెడల్ కోడ్లూ, థ్రాటల్ కోడ్లూ, వాటితో పాటు పి1518 కూడా కలిసి గుంపుగా వచ్చాయా? పెడల్ కారు లోపల ఉంటుంది, థ్రాటల్ ఇంజన్ మీద ఉంటుంది. రెండూ ఒకేసారి పాడవ్వడం జరిగే పని కాదు. మాడ్యూల్‌కు సరిగా కరెంట్ అందడం లేదేమో, ఎర్త్ వదులైందేమో చూడాలి. ఇలాంటప్పుడు థ్రాటల్ బాడీ కొంటే డబ్బు దండగే.

స్టెప్ 3: బ్యాటరీ.. సీ5లో ఇది ఫస్ట్ అనుమానితుడు

'థ్రాటల్ సమస్యకి బ్యాటరీ ఏంటి?' అనుకుంటున్నారా? సెన్సార్లన్నీ 5 వోల్టుల లెక్క మీద నడుస్తాయి. ఆ 5 వోల్టులను మాడ్యూల్ బ్యాటరీ కరెంట్ నుంచే తయారు చేస్తుంది. బ్యాటరీ వీకైపోయి, స్టార్ట్ చేసేటప్పుడు వోల్టేజీ బాగా పడిపోతే మాడ్యూళ్లు తికమక పడి తప్పుడు కోడ్లు పెట్టొచ్చు.

మల్టీమీటర్‌తో కొలవండి. ఇంజన్ ఆఫ్‌లో ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. ఇంజన్ నడుస్తుంటే సుమారు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. లేకపోతే ముందు అది సరిచేయండి.

సీ5కి ఇంకో ప్రత్యేక సమస్య కూడా ఉంది. బ్యాటరీ ఇంజన్ బేలో ప్యాసింజర్ వైపు ఉంటుంది. దాని కిందే వైరింగ్, పీసీఎం ఉంటాయి. పాత బ్యాటరీ లీకైతే యాసిడ్ చుక్కచుక్కగా సరిగ్గా వాటి మీదే పడుతుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. బ్యాటరీ తీసి, కింద ట్రే చూడండి. తెల్లటి, పచ్చటి పొడి పేరుకుందా? వైర్ల మీద తొడుగు మెత్తబడిందా? అయితే మీరు వెతుకుతున్నది చాలావరకు దొరికినట్టే. సెకండ్ హ్యాండ్ సీ5 కొనేవాళ్లు కూడా ఈ చోటు చూడకుండా డీల్ ఫైనల్ చేయొద్దు.

స్టెప్ 4: కళ్లతో చూడండి, చేత్తో కదపండి

కీ ఆఫ్ చేసి థ్రాటల్ బాడీ కనెక్టర్ ఊడదీయండి. లోపల పిన్నులు మెరుస్తూ ఉండాలి. ఆకుపచ్చగా మారినా, నూనె తడి ఉన్నా, ఏదైనా పిన్ను వెనక్కి నెట్టుకుపోయి ఉన్నా అదే దొంగ కావొచ్చు. కనెక్టర్ లాక్ క్లిప్ విరిగిపోయిందేమో కూడా చూడండి. పాతికేళ్ల కారు, రోజూ ఇంజన్ వేడి. ప్లాస్టిక్ పెళుసెక్కి విరిగిపోవడం మామూలే. క్లిప్ లేకపోతే కనెక్టర్ కదులుతూ ఉంటుంది, గతుకు వచ్చినప్పుడల్లా కాంటాక్ట్ పోతుంది.

అక్కడి నుంచి వైర్ల కట్టను వెంబడిస్తూ వెళ్లండి. ఎక్కడైనా ఇనుప అంచుకు రాసుకుంటోందా? ఎగ్జాస్ట్ వేడికి కాలిందా? ఎవరైనా గతంలో తెంపి, టేపు చుట్టి వదిలేశారా? ఆ టేపు విప్పి చూడాల్సిందే.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. కీ ఆన్‌లో ఉన్నప్పుడు థ్రాటల్ రేకు దగ్గర వేళ్లు పెట్టకండి. మోటార్ ఒక్కసారిగా రేకును మూసేయొచ్చు. వేలు నలిగిపోతుంది.

స్టెప్ 5: లైవ్ డేటా.. నెమ్మదిగా నొక్కి చూడండి

ఇప్పుడు లైవ్ డేటా చూపించే స్కానర్ కావాలి. చవక రకాలు కోడ్ ఒక్కటే చూపిస్తాయి, కొనేముందు చూసుకోండి. ఇంజన్ ఆఫ్, కీ ఆన్. సెన్సార్ల వోల్టేజీలు గ్రాఫ్ రూపంలో పెట్టుకుని పెడల్‌ను చాలా నెమ్మదిగా కిందిదాకా నొక్కి, అంతే నెమ్మదిగా వదలండి. గీత కొండ ఎక్కి దిగినట్టు నున్నగా ఉండాలి. మధ్యలో ఎక్కడైనా టక్కున కిందికి పడి లేచిందా? అక్కడే తప్పు.

సీ5 కాలం నాటి సెన్సార్లు పాత రేడియో వాల్యూమ్ నాబ్ లాంటివి. లోపల ఒక పట్టీ మీద చిన్న కాంటాక్ట్ రాసుకుంటూ తిరుగుతుంది. మనం హైవే మీద ఎక్కువసేపు పెడల్‌ను కొంచెం మాత్రమే నొక్కి ఉంచుతాం కదా. కాబట్టి పట్టీ అక్కడే ఎక్కువ అరుగుతుంది. అందుకే పెడల్ మొదటి పావు వంతు దగ్గర మరింత నెమ్మదిగా, నాలుగైదు సార్లు చూడండి. కొత్త కార్లలో చాలావాటికి రాపిడి లేని, అయస్కాంతంతో పనిచేసే సెన్సార్లు వచ్చాయి. వాటిలో అరుగుదల సమస్య ఉండదు కానీ వైర్లు, కనెక్టర్ల సమస్య మాత్రం అలాగే ఉంది.

మామూలు డిజిటల్ మల్టీమీటర్ అంకెలు నెమ్మదిగా మారతాయి. కనురెప్ప పాటులో వచ్చిపోయే తప్పును అది పట్టుకోలేకపోవచ్చు. అందుకే గ్రాఫ్. ఆసిలోస్కోప్ ఉన్న మెకానిక్ దొరికితే ఇంకా మంచిది.

స్టెప్ 6: అసలు పరీక్ష – మూడు వైర్లు

పెడల్ అయినా థ్రాటల్ అయినా, ఇలాంటి సెన్సార్ పనిచేయడానికి మూడు కావాలి. 5 వోల్టుల సప్లై, ఎర్త్, సిగ్నల్. మల్టీమీటర్‌తో మూడూ విడివిడిగా తేల్చాలి. ఏ రంగు వైరు ఏది అన్నది సర్వీస్ మాన్యువల్‌లోని వైరింగ్ బొమ్మ చూసే మొదలుపెట్టండి, ఊహించొద్దు.

మొదట సప్లై. కీ ఆన్‌లో 5 వోల్టులకు దగ్గరగా ఉండాలి. తక్కువ ఉంటే సెన్సార్‌ను తప్పుబట్టకండి, దానికి తిండే సరిగా అందడం లేదు.

తర్వాత ఎర్త్. చాలామంది వదిలేసేది ఇదే. కనెక్టర్ తగిలించే ఉంచి, కీ ఆన్ చేసి, మీటర్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొస సెన్సార్ ఎర్త్ వైరుకు పెట్టండి. దాదాపు సున్నా రావాలి. 0.1 వోల్ట్ దాటితే అనుమానించాలి. ఎర్త్‌లో ఆ కాస్త తేడా వచ్చినా సెన్సార్ చెప్పే ప్రతి లెక్కా ఆ మేరకు తప్పుతుంది.

చివరగా సిగ్నల్. సెన్సార్ దగ్గర కొలిచిన వోల్టేజీ, స్కానర్‌లో మాడ్యూల్ చూస్తున్న వోల్టేజీ రెండూ ఒకటేనా? సెన్సార్ దగ్గర సరిగ్గా ఉండి, స్కానర్‌లో తప్పుగా ఉంటే సెన్సార్ నిర్దోషి. మాట దారిలోనే మారిపోయింది. అంటే వైరు గానీ, మాడ్యూల్ వైపు కనెక్టర్ గానీ. రెండు చోట్లా తప్పుగానే ఉండి, సప్లై, ఎర్త్ బాగుంటే అప్పుడు సెన్సార్ మీద కేసు బలపడినట్టు.

ఈ ఒక్క పోలిక చేయడానికి పట్టే టైం పావుగంట. మల్టీమీటర్ ఖర్చు ఒక మామూలు డిన్నర్ బిల్లంత. థ్రాటల్ బాడీ ధరతో పోల్చుకోండి మరి.

స్టెప్ 7: దొరకలేదా? వేడెక్కనివ్వండి, కదపండి

వచ్చిపోయే తప్పులు గ్యారేజీలో బుద్ధిగా ఉంటాయి, రోడ్డు మీద బయటపడతాయి. అందుకే ఇంజన్ పూర్తిగా వేడెక్కాక మళ్లీ లైవ్ డేటా పెట్టండి. కారు పార్కింగ్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి. ఇంజన్ ఆపి, కీ మాత్రం ఆన్‌లో ఉంచి, ఒకరు స్కానర్ చూస్తుంటే ఇంకొకరు వైర్ల కట్టను జానెడు జానెడు చొప్పున మెల్లగా కదుపుతూ రావాలి. చెయ్యి ఎక్కడున్నప్పుడు గీత ఎగిరిందో, అక్కడే తెగిన వైరు ఉన్నట్టు. వేడి సిలిండర్లు, ఎగ్జాస్ట్ దగ్గర జాగ్రత్త. చేతికి గ్లవ్స్ ఉండాలి.

అప్పుడు.. అప్పుడు మాత్రమే పార్ట్

ఇవన్నీ అయ్యాక సెన్సారే దోషి అని తేలితే నిశ్చింతగా మార్చుకోండి. అయితే మార్చాక పని అయిపోలేదు.

రేకు అంచుల్లో నల్లటి మసి పేరుకుని ఉంటే థ్రాటల్ బాడీ క్లీనర్‌తో తుడవాలి. పి1516 లాంటి కోడ్‌కు ఒక్కోసారి ఈ మసి కూడా కారణమవుతుంది. క్లీన్ చేసినా, పార్ట్ మార్చినా కంప్యూటర్ రేకు కొత్త స్థానాన్ని మళ్లీ నేర్చుకోవాలి. ఆ పద్ధతి కారు కారుకీ వేరు, మాన్యువల్ చూసి అలాగే చేయండి. అది చేయకపోతే ఐడ్లింగ్ తేడాగా ఉండి, 'కొత్త పార్ట్ కూడా పాడైందే' అని మళ్లీ తల పట్టుకుంటారు.

తర్వాత కోడ్లు చెరిపి, తప్పు ఎప్పుడు వచ్చేదో అలాంటి పరిస్థితిలోనే నడిపి చూడాలి. వేడిలో వచ్చేదైతే వేడిలో, గతుకుల్లో వచ్చేదైతే గతుకుల్లో. మళ్లీ కోడ్ చదవండి. ఏమీ లేకపోతేనే హైవే.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఒక టిప్

అమ్మేవాళ్లు కారు చూపించే ముందు కోడ్లు చెరిపేస్తే? డ్యాష్‌బోర్డు క్లీన్‌గా కనిపిస్తుంది. కానీ ఓబీడీ-2లో ఒక గుట్టు ఉంది. కోడ్లు చెరిపితే, కంప్యూటర్ తనను తాను చేసుకునే పరీక్షల ఫలితాలు కూడా చెరిగిపోతాయి. స్కానర్‌లో 'రెడీనెస్ మానిటర్స్' అనే చోట చూడండి. చాలావరకు 'నాట్ రెడీ' అని ఉంటే, ఈ మధ్యే ఎవరో కోడ్లు చెరిపారు లేదా బ్యాటరీ తీశారు. 'బ్యాటరీ కొత్తది వేశాం' అన్నది నిజమే కావొచ్చు. కానీ ఎందుకు, ఎప్పుడు అని అడగడం మీ హక్కు. వీలైతే కొన్నిరోజులు నడిపాక మళ్లీ చెక్ చేసుకుంటామని చెప్పండి.

హైదరాబాద్, విజయవాడలో ఉన్నవాళ్లకు?

మాకు కార్వెట్ ఎక్కడిది అనుకోకండి. కేబుల్ లేని థ్రాటల్ ఇప్పుడు స్పోర్ట్స్ కార్లకే పరిమితం కాదు. మన రోడ్ల మీద తిరిగే మామూలు పెట్రోల్ కార్లలో కూడా ఇదే పద్ధతి. బైకుల్లో కూడా వచ్చేసింది. 2017 కేటీఎం 390 డ్యూక్‌లో రైడ్ బై వైర్ ఇదే సూత్రం. కోడ్ నంబర్లు, వోల్టేజీలు మారతాయి. కానీ రెండు సెన్సార్లు, ఒకరి మాట ఒకరు సరిచూడటం, లెక్క తప్పితే పవర్ కట్ అవ్వడం.. ఇదంతా సేమ్. వర్షాకాలంలో నీళ్లు దిగిన కనెక్టర్, ఎలుకలు కొరికిన వైరు మన దగ్గర అదనంగా చూసుకోవాల్సినవి.

సర్వీస్ సెంటర్‌లో 'థ్రాటల్ బాడీ మార్చాలి సార్' అంటే భయపడొద్దు, గొడవ పడొద్దు. మూడు ప్రశ్నలు అడగండి. ఏ కోడ్ వచ్చింది? సెన్సార్ దగ్గర వోల్టేజీ ఎంత, స్కానర్‌లో ఎంత? ఎర్త్, కనెక్టర్ చెక్ చేశారా? పని తెలిసిన మెకానిక్ ఈ మూడింటికీ వెంటనే జవాబు చెప్తాడు. జవాబు రాకపోతే బిల్లు కట్టే ముందు ఇంకో చోట చూపించుకోండి.